రైసుకార్డు పద్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలమందలి రాజయ్యపేట, వలయు పడవయు జీవికగా గల సముద్రతీర గ్రామము. 2007 ఏప్రిల్ 1న శ్రీకాకుళము, అనంతపురము, మహబూబునగరము జిల్లాలలో ఆరోగ్యశ్రీ అను పేర అవతరించి, ప్రభుత్వములు మారినప్పుడెల్ల నామము మార్చుకొనుచు, నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా వ్యవహరింపబడుచున్న పథకమందు ఈ ఊరివారికి ప్రవేశము కలుగు విధమును బోధింపదలచి, ఈ వ్యాఖ్యాతయే ఒక ఆటవెలదిని అల్లుకొని, దానికి తానే టీక వ్రాయుచున్నాడు. కవి చేరువనే ఉన్నాడు గనుక సందేహము వచ్చిన అడుగవచ్చును.

మూలము:

కార్డు గలిగి కూడఁ గడలిలో నుండిన
వేలి గుర్తు లేక వెతల పాలు
రైసుకార్డుతోడ రాజయ్యపేటలో
నిలిచియున్నవాఁడె నీరుజుండు

ప్రతిపదార్థము: కార్డు గలిగి కూడన్ = ట్రంకుపెట్టెలో పాతచీర మడతల నడుమ కార్డును భద్రపఱచుకొనియు; కడలిలోన్ ఉండినన్ = తెల్లవారకమున్నే వేటకు పోయినచో; వేలి గుర్తు లేక = ఈ-కేవైసీ పూర్తికాక; వెతల పాలు = జబ్బుచేసిన నాడు అప్పులవాని గుమ్మము పాలు; రైసుకార్డుతోడన్ = పూర్వులు తెల్లకార్డనిన దానితో; రాజయ్యపేటలోన్ = గ్రామ సచివాలయపు వరుసలో; నిలిచి ఉన్నవాడె = తన వంతు వచ్చువఱకు కదలనివాడే; నీరుజుండు = రోగము లేనివాడు.

తాత్పర్యము: ఏడాదికి 5 లక్షల రూపాయలకు మించని ఆదాయము గల కుటుంబమునకు, జాబితాలోని 3257 చికిత్సలలో ఏది అవసరమైనను, అంతకుముందు 5 లక్షలుగా ఉన్న ఉచిత వైద్యపు హద్దు 2023 డిసెంబరు 18న 25 లక్షలకు పెరిగెను. 2025 సెప్టెంబరున రాష్ట్ర మంత్రివర్గము ఆమోదించిన విధానమున, తొలి రెండున్నర లక్షలను బీమా సంస్థయు, ఆపై 25 లక్షల వఱకు ఈ పథకపు ట్రస్టును భరించునట్లు ఏర్పాటు. డెబ్బదేండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకయే, 2024 అక్టోబరు 29 నుండి కేంద్రము వారి ఆయుష్మాన్ వయవందన కార్డు 5 లక్షల అభయ మిచ్చుచున్నది. ఇంతటి నిధికిని ద్వారము మాత్రము బొటనవ్రేలు పట్టునంత గాజుపలక.

విశేషములు: ఇచ్చట అలంకారము విరోధాభాసము. చేతి కష్టముమీద బ్రదుకువాడని ప్రభుత్వము ఎవనికి ఈ సౌకర్యము కల్పించినదో, వాని చేయి ఆ కష్టము చేతనే అరిగి, గుర్తు పడనిదగుచున్నది. తీరమందలి ఒక వృద్ధుడు ముమ్మారు తుడిచి ముమ్మారు వ్రేలు పెట్టినను యంత్రము ఎఱ్ఱదీపమునే వెలిగింపగా, "ఇంకోసారి పెట్టు తాతా" అన్న కుఱ్ఱవానితో, "తాడు లాగీ లాగీ గీతలన్నీ పోనాయి బాబూ, ఆ వలనడగండి, నేనెవర్నో సెప్తాది" అనెను. దీనికంటె మంచి ధ్రువపత్రము ఈ వ్యాఖ్యాత చదివియుండలేదు. వ్రేలు కుదరనిచోట కంటిపాప, అదియు కుదరనిచోట ఓటీపీ శరణ్యములు; కాని ఆ సంఖ్య చేరవలసిన ఫోను కొడుకు జేబులో, కొడుకు పడవలో, పడవ సిగ్నలు లేని కడలిలో ఉండుటచే, మూలమందలి "కడలిలో నుండిన" అను మాటకు రెండవ అర్థము సిద్ధించుచున్నది.

"నీరుజుండు" అను పదమును కొందఱు నీట పుట్టినవాడని విడదీయుదురు. వ్యాకరణము ఒప్పకున్నను ఊరు ఒప్పుకొనును. ఏలయన, నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కునకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన పిమ్మట, నీరు చెడిన బ్రదుకు చెడునని రాజయ్యపేట మత్స్యకారులు ఉద్యమించుట లోకవిదితము. మందులు పుట్టు చోట రుజకు భయపడు జనులకు ఆసుపత్రి కార్డు వేడుక వస్తువు గాదు.

ఫలశ్రుతి: ఈ టీకను చదివినంతమాత్రమున కార్డు రాదు. ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు 61 దినములు మోటారు పడవలకు వేట నిషిద్ధము. తండ్రియు, కొడుకును, ఫోనును ఒక్క ఒడ్డుననే ఉండు కాలమదియే. కావున ఆ దినములలో వల బాగుచేయుటకు కూర్చుండక మునుపే, ఆధారును రైసుకార్డును చేతబట్టుకొని ఒక పూట సచివాలయమునకు పోయి రండు. సందేహమున్నచో 104కు ఫోను చేయుడు.