కాబోలు కనిపిస్తే ఉత్ప్రేక్షేనా?

మా రోజుల్లో ముందు పద్యం, తర్వాతే లక్షణం. తెలుగు మాస్టారు ఎలుగెత్తి చదివేవారు, మేం వెనకాలే అందుకునేవాళ్లం. ఉత్పలమాలకి భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలుంటాయని తెలిసేసరికే దాని నడక నోటికి పట్టేసి ఉండేది. పలక మీద గురువుకి వంకర గీత, లఘువుకి నిలువు గీత పెట్టడం ఆ తర్వాతి సంగతి. పాదానికి 20 అక్షరాలనీ, మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ యతి కుదరాలనీ ఆయన లెక్క చెప్పేటప్పటికి మా గొంతులు అప్పటికే అక్కడ విరుగుతుండేవి.

ఇప్పుడో? మా మనవడు పదో తరగతి. వాడి గైడులో అలంకారాలన్నీ అరపేజీలో తేలిపోయాయి. ‘వలె’, ‘లాగ’ ఉంటే ఉపమ. ‘కాబోలు’ ఉంటే ఉత్ప్రేక్ష. మొన్న బస్టాపులో “బస్సు వెళ్లిపోయింది కాబోలురా” అన్నాను. “తాతయ్యా, ఉత్ప్రేక్ష!” అన్నాడు.

ఓరి భడవా! అది ఉత్త అనుమానం. ఉత్ప్రేక్షంటే పోలిక పట్టుకుని ఒకదాన్ని ఇంకొకటిగా ఊహించాలి. ఆ నల్లమబ్బులు ఏనుగుల మందేమో అంటే ఉత్ప్రేక్ష. మబ్బు ఏనుగులా నల్లగా ఉందంటే ఉపమ. మబ్బులనే ఏనుగులు కదిలాయంటే రూపకం. నిన్నటిలాగే ఇవాళా కరెంటు పోయిందంటే మాత్రం ఏ అలంకారమూ లేదు, ఉక్కపోత తప్ప.

ప్రాస సంగతి మరీ అన్యాయం. ఉత్పలమాల, కందం లాంటి పద్యాల్లో నాలుగు పాదాలకీ రెండో అక్షరంలో ఒకే హల్లు రావాలి. సినిమా పంచ్ డైలాగుల పుణ్యమా అని ఇప్పుడందరి చెవీ వాక్యం చివరే వేలాడుతోంది. అంత్యానుప్రాసా అందమే, కాదనను. కానీ రెండో అక్షరాన్ని వినేవాళ్లేరీ?

మా ఊళ్లో తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడితే పద్యం పద్యానికీ వన్స్‌మోర్లే. చాప మీద కూర్చున్న రైతుకి మత్తేభమో శార్దూలమో తెలియదు. నటుడు ఒక్క మాట మింగితే మాత్రం “ఎక్కడో తేడా కొట్టిందే” అనేవాడు. ఇప్పుడు పద్యాన్ని కంప్యూటర్లో పెడితే గణాలు విడదీసి, యతిప్రాసలు సరిచూసి పెడుతుంది. మంచిదే. దానికి తప్పు తెలుస్తుంది, మనకి తెలియదు.

మా కాలంలో అందరూ పండితులేనని కోతలు కోయను. కందంలో బేసి గణంగా జగణం రాకూడదన్నది మరిచిపోయి తొడపాశం తిన్నవాళ్లు సగం క్లాసు. వాళ్లకి వ్యాకరణం గంట యమగండమే.

ఈ మాటలంటే కుర్రాళ్లు శ్రీశ్రీని అడ్డం పెట్టుకుంటారు, ఆయన ఛందస్సుని తన్నేశాడు కదా అని. ఆయన మొదటి పుస్తకం ‘ప్రభవ’ 1928లో వచ్చింది, అందులో ఉన్నవి పద్యాలే. ‘మహాప్రస్థానం’ గేయాల్లో ఆ నడకలు వాటంతటవే రాలేదు, మాత్రలు ఎరిగిన చెయ్యి నడిపింది.

అయ్యా పంతుళ్లూ, అమ్మా నాన్నల్లారా, రెండు మార్కుల ప్రశ్న తర్వాత చూద్దాం. ముందు పిల్లలచేత రోజుకో పద్యం గొంతెత్తి చదివించండి. పక్క ఫ్లాటువాళ్లు గొడవకొస్తే నా దగ్గరికి పంపండి, వాళ్లచేతా చదివిస్తాను.