పరోక్ష పరీక్షార్థి

మా పెద్దక్కయ్య భర్త, హైదరాబాదు విద్యానగరులో చిరకాలముగా కాపురముండి, ఒక ప్రభుత్వ కార్యాలయమున పద్దులు వ్రాసి వ్రాసి పింఛనుకు దగ్గరపడిన మా బావగారు, తమ జన్మలో ఎంసెట్టు వ్రాసి యెరుగరు. అయినను, ఉమ్మడి రాష్ట్రపు రోజులలో తమ ఏకైక పుత్రుడు ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. తీసుకొన్నది మొదలు ఆ పరీక్షను గూర్చి వారు గడించిన పాండిత్యము, దానిని నిర్వహించు జె.ఎన్.టి.యు. వారికైనను ఉండెనో లేదో నాకు సందేహమే. వ్రాయవలసినవాడు మా మేనల్లుడు, కృశించినవారు బావగారు.

వారి యింట ప్రశ్న యను మాట వినబడదు; ఉన్నది బిట్టు ఒక్కటే. గణితమున 80, భౌతిక రసాయన శాస్త్రములందు చెరి 40, వెరసి 160 బిట్లకు వ్యవధి 3 గంటలు గనుక, బిట్టుకు 67 సెకండ్ల పైన ఒక అర దక్కునని గుణించి, ఆ ప్రమాణమును క్రమక్రమముగా లోకవ్యవహారమున కంతకును వ్యాపింపజేసిరి. అక్కయ్య కాఫీ తెచ్చుట జాగైనచో "ఈపాటికి నాలుగు బిట్లు అయిపోయేవే" అనెడివారు. నేనెక్కిన రైలు ఆలస్యముగా కాచిగూడ చేరిన నాడు, ప్లాట్‌ఫారము మీద నన్ను చూచి క్షేమమైన నడుగక, "నీ మూలంగా ఇరవై బిట్లు పోయాయోయ్" అని నిట్టూర్చిరి. తప్పు జవాబుకు మార్కుల కోత లేని పరీక్ష యగుటచే, తెలియని బిట్ల కన్నిటికిని చివరి రెండు నిమిషములలో ఒకే వరుస గడి నింపవలెనని వారి సిద్ధాంతము. ఆ గడి రెండవదా మూడవదా యను మీమాంస ఆ యింట ఒక ఋతువంతయు నడచినది. పాత పేపర్ల 'కీ'లు ముందు వేసికొని, గీతలు గీచి, మూడవదే శ్రేయస్కరమని తేల్చిన రాత్రి వారు రెండు ముద్దలు ఎక్కువ తినిరి.

వెయిటేజి యన్న పదము నుచ్చరించునప్పుడు బావగారి కంఠమున గాంభీర్యము ప్రవేశించును. ఇంటరు గ్రూపు సబ్జెక్టుల 600 మార్కులను 25కు కుదించి, ఎంసెట్టు మార్కులను 75కు కుదించి, రెండింటిని కలిపి ఆ రోజులలో ర్యాంకు నిర్ణయించెడివారు గదా. దీనిని బట్టి ఎంసెట్టులో ఒక బిట్టు తప్పిపోవుట ఇంటరులో పదకొండుంబావు మార్కులు పోగొట్టుకొనుటతో సమానమని వారు కనుగొని, వచ్చినవారి కెల్లరకు, పాలవానితో సహా, బోధించిరి. భాషల మార్కులు వెయిటేజిలోనికి వచ్చెడివి కావు. అందుచే ఆ కుర్రవాని దృష్టిలో ఆంగ్లమునకు గాని, నూటికి నూరు సునాయాసముగా రాలునని పుచ్చుకొన్న సంస్కృతమునకు గాని ఉనికి లేకుండెను. సంస్కృతపు పరీక్షను తెలుగు లిపిలో వ్రాసి తొంబదితొమ్మిది తెచ్చుకొన్న ఆ మహానుభావుని చూచి ముచ్చటపడి, నేనొక నాడు కాళిదాసు ప్రస్తావన తెచ్చితిని. బావగారు గుమ్మములోనికి వచ్చి, "అది ఎన్ని మార్కులకు వస్తుందోయ్?" అని అడిగిరి. నేను సమాధానము చెప్పలేక వసారాలోనికి నడచితిని.

నల్లకుంటలోని చుక్కా రామయ్యగారి ఐఐటి శిక్షణాలయమున చేరుటకే ఒక ప్రవేశపరీక్ష యుండుటయు, ఆ ప్రవేశపరీక్షకు శిక్షణ నిచ్చు చోట్లు వేరే వెలయుటయు నగరవాసు లెల్ల ఎరిగినదే. మేనల్లుడు ఆ మొదటి మెట్టుననే జారినాడు. నాటి నుండి బావగారు కూరలకు వెళ్ళునప్పుడు ఆ వీధి తప్పించి, చుట్టుదారిని పోయెడివారు.

ర్యాంకుల సమముడిని గూర్చిన నిబంధన మాత్రము వారి హృదయమున ములుకుగా నాటినది. మొత్తము మార్కులు సమానమైన గణితపు మార్కులు, అవియు సమానమైన భౌతికశాస్త్రపు మార్కులు, అన్నియు సమానమైనచో వయసున పెద్దవానికి ముందు ర్యాంకు! సర్కారు కొలువు కొరకు తమ వయసును రెండేండ్లు తగ్గించి వ్రాయించుకొన్న వంశమున, కొడుకు వయసు పెంచలేకపోతిమే యని తండ్రి పరితపించు కాలము వచ్చునని ఎవరు కలగనిరి? "ఒక్క నెల ముందు కని ఉంటే ఏం పోయేదే?" అని ఒకనాడు పైకే అనిరి. మా అక్కయ్య పప్పు రుబ్బుట ఆపలేదు. "ప్రిలిమినరీ కీ అప్పుడే చూశారుగా, అభ్యంతరం అప్పుడే పెట్టాల్సింది" అన్నది.

నాకు వారి మీద ఉన్న కసి వేరు. మే నెలలో రెండు బుట్టల మామిడిపండ్లు మోసికొని వెళ్ళిన నన్ను, నా గురక వలన కర్బన రసాయనమునకు విఘాతము కలుగుచున్నదన్న నేరము మోపి, చాపతో సహా డాబా పైకి తరిమిరి. వార్తలు వినుట నిషిద్ధము. కాని కార్పొరేటు కళాశాలలవారు తమ ర్యాంకులను ఏకబిగిని వల్లించు ప్రకటన వచ్చునప్పుడు మాత్రము టీవీ శబ్దము పెంచి, కనులు మూసి ఆలకించెడివారు.

ఆ డాబా మీదనే, దోమలతో పోరాడి అప్పుడే నిద్రపట్టిన నన్ను ఎవరో భుజము పట్టి కుదిపిరి. బావగారు! చేతిలో టార్చిలైటు, తెలుగు అకాడమి గణిత పుస్తకము, ఒక చిత్తు కాగితము. "వచ్చిందోయ్! సమాకలని! వాడు వదిలేశాడు, నాకు వచ్చింది!" డిగ్రీ చదువవలసిన వయసున పద్దుల గుమాస్తాగా కుదిరిన ఆ మనిషి, ఏబది దాటిన పిమ్మట, పుస్తకము చివరి జవాబుతో తమ జవాబు సరిపోయిన సంతోషమును పంచుకొనుటకు ఆ వేళ నన్ను తప్ప మేలుకొల్పదగినవారిని కానలేదు. నాకు ఒక్క అక్షరము బోధపడలేదు. బాగున్నదంటిని. మేనల్లుడు క్రింద హాయిగా నిద్రపోవుచుండెను.

పరీక్షనాడు మంత్రిగారు ప్రశ్నపత్రపు సెట్ కోడును ఎంపిక చేయు దృశ్యమును చూచుటకై చీకటితోనే లేచి కూర్చుండిరి. ఆ అక్షరమేదైనను తమకు ఒరుగున దేమని అడిగిన అక్కయ్యకు, "చూడాలి" అని మాత్రము బదులిచ్చిరి. ఒక్క నిమిషము ఆలస్యమైనను లోనికి విడువరన్న నియమమునకు జడిసి, కేంద్రమునకు మూడు దారులు ముందే పరీక్షించి, గేటు తాళము తీయువాడు రాకమునుపే కుమారుని నిలబెట్టి, ఎండలో 160 బిట్ల కాలము నిరీక్షించిరి. వెలుపలికి వచ్చిన కుమారుడు "పర్లేదు" అన్నాడు. ఆ ఒక్క మాట తాత్పర్యము తేల్చుటకు వారికి ఫలితములు వచ్చు వరకు పట్టినది.

నాలుగంకెల ర్యాంకు, నగరములోనే సీటు, కాలక్రమమున ఉద్యోగము, పెండ్లి అన్నియు జరిగిపోయినవి. 2023లో తెలంగాణ ప్రభుత్వము వెయిటేజిని పూర్తిగా ఎత్తివేసినప్పుడు, రాత్రి పదకొండు గంటలకు నాకు ఫోను వచ్చినది.

"విన్నావా? వెయిటేజి తీసేశారు. మనవాడప్పుడు అది లేకుండా రాసి ఉంటే ఎంత వచ్చేదో ఇప్పుడే లెక్క వేశాను."

"ఎంత వచ్చేది బావగారూ?"

"మూడువందలు వెనక్కి పోయేవాడోయ్! బతికిపోయాం!" అని, అవతల మా అక్కయ్య విసుగుకొనుచున్న చప్పుడు వినబడుచుండగనే, ఆ లెక్కను నాకు మొదటి నుండి వినిపింప నారంభించిరి.