అయిదెకరాల ఆసామి

డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా ఊళ్ళలో ఏ తెలుగువాళ్ళింట సత్యనారాయణ వ్రతం జరిగినా మగవాళ్ళ గుంపులో ఒకాయన విడిగా కనిపిస్తాడు. మిగతావాళ్ళు గ్రీన్‌కార్డు గురించీ, షేర్ల గురించీ, పిల్లల కాలేజీల గురించీ మాట్లాడుకుంటుంటే, ఆయన ప్రసాదం దొన్నె చేతిలో పట్టుకుని కిటికీలోంచి మబ్బుల వంక చూస్తుంటాడు. "ఈ శనివారం దాకా వాన ఆగితే బాగుణ్ణు" అంటాడు ఎవరూ అడక్కుండానే. వాన పడితే ఆయన ఉద్యోగానికి వచ్చే నష్టమేమీ లేదు. పొద్దస్తమానం చేసేది డేటాబేసుల పని. కానీ ఆయనకి అయిదెకరాలున్నాయి.

ఈ ఆసామిని గుర్తుపట్టడానికి ఇంకా కొన్ని ఆనవాళ్ళున్నాయి. బూట్లకి నల్లమట్టి ఉంటుంది, కావాలనే కడగడు. కారు డిక్కీలో గ్రీజు గన్ను ఉంటుంది. "మా ఇల్లు మూడువేల చదరపుటడుగులు" అని ఎవరైనా అంటే జాలిగా చూస్తాడు. ఎకరానికి 43,560 చదరపుటడుగులని నోటికి వచ్చు. ఎదుటివాళ్ళది గుంటూరు వైపైతే తన ఆస్తి 500 సెంట్లని చెబుతాడు, కరీంనగర్ వైపైతే 200 గుంటలంటాడు. ఎవరికి ఏ లెక్క చెబితే ఎక్కువగా వినిపిస్తుందో ఆయనకి తెలుసు.

నేల ఎందుకు కొన్నట్టు? ప్రెస్టన్ రోడ్డు పట్టుకుని సెలైనా దాటి ఇంకా పైకి పోతే గంటర్ అని చిన్న ఊరొకటి వస్తుంది. గుంటూరు జిల్లా వాడికి గంటర్ దగ్గర స్థలం దొరకడం దైవసంకల్పమని వాళ్ళావిడకి నచ్చజెప్పాడు. దానికి తోడు తేనెటీగల లెక్క ఒకటి వేశాడు. టెక్సాస్‌లో 5 నుంచి 20 ఎకరాల నేలలో తేనెటీగలు పెంచితే దాన్ని సాగుభూమి కింద లెక్కగట్టి ఆస్తిపన్ను తగ్గించే వీలుంది. తీరా కొన్నాక తెలిసిందేమిటంటే, ఇల్లున్న ఎకరాన్ని మామూలుగా ఆ లెక్కలోంచి తీసేస్తారు. మిగిలింది నాలుగు. తేనెటీగలు ఆగిపోయాయి. గడ్డి మాత్రం ఆగలేదు.

అమ్మినవాళ్ళు డ్రోన్‌తో తీయించిన ఫొటోలో ఆ నేల చదునుగా, పచ్చగా ఉంది. కాలు పెట్టి చూస్తే కథ వేరు. అక్కడిది అచ్చం మన నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది, ఆగస్టు వచ్చేసరికి చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. ఏళ్ళ తరబడి ఇలా ఉబ్బీ కుంగీ నేలంతా మిట్టలూ పల్లాలూ అవుతుంది. శాస్త్రజ్ఞుల భాషలో వాటికి గిల్‌గాయ్ అని ఒక పేరు కూడా ఉంది. దున్ని చదును చేసినా కొన్ని వానాకాలాల్లో మళ్ళీ లేస్తాయి. వీటి మధ్య ఫైర్ యాంట్స్ అనే ఎర్రచీమల పుట్టలు. ఎండకి గట్టిపడ్డ పుట్ట తగిలితే బ్లేడు అంచు పోతుంది. వాగు గట్టున మెస్కీట్ చెట్లు. మన సర్కారు తుమ్మకి దాయాదులివి, ముల్లు టైర్లో దిగితే గాలి నిలవదు. ఇక గడ్డి సంగతి. బెర్ముడా అని అక్కడ గౌరవంగా పిలుచుకునేది మన గరికనే. వినాయకుడికి పెట్టే గరిక.

ఇంటి ముందు లానుకి వాడే తోపుడు యంత్రం ఈ నేలమీద ఒక్క ఉదయం పనిచేసింది. మధ్యాహ్నానికి ఆసామి నడుం పట్టుకుంది, యంత్రం మొరాయించింది. "కూర్చుని నడిపే బండి కొనాలి" అని ఆ సాయంత్రం ప్రకటించాడు. మామూలు మనిషైతే వచ్చే వారం కొనేసేవాడు. ఆసామి ఎక్సెల్ షీటు తెరిచాడు.

ఆ షీటు చూసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అడ్డంగా బళ్ళు, నిలువుగా గుణాలు, గుణానికో మార్కు. ఇందులో మూడు జాతులున్నాయని మొదటి పాఠం. పెద్ద దుకాణాల గుమ్మాల ముందు వరసగా నిలబెట్టి రెండు మూడు వేల డాలర్లకి అమ్మే లాన్ ట్రాక్టరు ఒకటి. చూడ్డానికి అలాగే ఉండి, లోపల ఎముక గట్టిగా ఉండే గార్డెన్ ట్రాక్టరు రెండోది. స్టీరింగు బదులు రెండు చేతికర్రలతో ఉన్నచోటనే గిరుక్కున తిరిగే జీరో టర్న్ మూడోది.

ఆసామి మనసు మొదట మూడోదాని మీద పడింది. దాని మీద కూర్చున్నవాడు యుద్ధవిమానం నడుపుతున్నంత దర్జాగా ఉంటాడు. కానీ దానికి ముందు చక్రాలు ఉత్త బొంగరాలు, దిశ మార్చేదీ ఆపేదీ వెనక చక్రాలే. తడి ఏటవాలులో అవి జారాయా, బండి ఎటు పోవాలనుకుంటే అటు పోతుంది. చాలామంది తయారీదారుల పుస్తకాల్లో 15 డిగ్రీలు దాటిన వాలు మీదకి పోవద్దని రాసి ఉంటుంది. ఆసామి ఫోన్ పట్టుకుని వాగు గట్టు కొలిచాడు. 14 వచ్చింది. రెండడుగులు పక్కకి జరిగి కొలిస్తే 17. మళ్ళీ మొదటి చోటికొచ్చి 14 చూసుకుని సంతోషించాడు. "ఏవండీ, బండి ఫోన్ ఉన్న చోటే నడుస్తుందా?" అని వాళ్ళావిడ అడిగాక జీరో టర్న్ వరస మొత్తం చెరిపేశాడు.

అప్పట్నుంచీ వ్రతాల్లో ఆయన పక్కన కూర్చోవడం కష్టమైంది.

"తమ్ముడూ, మీ బండి డెక్కు ఎన్నో గేజి?"

"అంటే ఏంటన్నయ్యా?"

"బ్లేడ్లని కప్పే డెక్కు రేకు మందం. అంకె తగ్గేకొద్దీ రేకు లావు. పన్నెండో గేజి రేకుని అచ్చులో నొక్కి తీసిన డెక్కు వేరు, పదో గేజి పలకలు వెల్డింగు చేసి కట్టింది వేరు. మొద్దు తగిలిందనుకో, మొదటిది సొట్టపోద్ది. రెండోది మొద్దునే అడుగుద్ది, ఏంది సంగతని."

"మాది ఇంటి ముందు చిన్న లానే అన్నయ్యా. ఒకాయనొచ్చి కోసి పోతాడు."

ఆసామి ఇక అతనితో మాట్లాడలేదు. ఇటు తిరిగి నాకు గేర్‌బాక్సు గురించి మొదలుపెట్టాడు. ఈ బళ్ళలో క్లచ్చూ గేర్లూ ఉండవు, నూనె ఒత్తిడితో నడిచే హైడ్రోస్టాటిక్ పెట్టె ఉంటుంది. చవక బళ్ళలో అది సీలు వేసి వస్తుంది, నూనె మార్చే ఏర్పాటు ఉండదు. గతుకుల మీద, వాలు మీద, వెనక ట్రాలీ తగిలించి గంటలకొద్దీ లాగిస్తే నూనె కాగిపోయి, కొన్నేళ్ళకి బండి ఎత్తు ఎక్కలేక నిట్టూరుస్తుంది. "హార్స్‌పవర్ చూసి మోసపోవద్దు. ఇంజన్ ఎంత గట్టిదైనా గేర్‌బాక్సు చస్తే బండి చచ్చినట్టే" అన్నాడు. ఈలోగా నా చేతిలో పులిహోర చల్లారింది.

రంగుల గొడవ మరొకటి. ఆకుపచ్చ జాన్ డీర్, నారింజ కుబోటా, పసుపు కబ్ క్యాడెట్, ఎరుపు టోరో. అమెరికా పల్లెల్లో తాతల నాటి నుంచీ ఇళ్ళకి ఇళ్ళు ఒక రంగుకి కట్టుబడి ఉంటాయి. మనవాళ్ళకి రంగుల పట్టింపు ఒకరు నేర్పాలా? పసుపు బండి కొంటే ఊళ్ళో పెదనాన్న గారి వర్గం ఏమనుకుంటుందోనని ఆసామి ఒక వారం మథనపడ్డాడు.

ఇన్నాళ్ళూ గడ్డి ఊరుకోదు కదా. దాన్ని కోసింది పక్క పొలం పెద్దాయన. ఆయన బండి ఏ రంగుదో చెప్పడం కష్టం, తుప్పు అంతా కప్పేసింది. సీటు చిరిగిపోతే గోనెసంచి కట్టాడు. ఆ బండి ఆసామి కంటే వయసులో పెద్దదట. ఒకరోజు ఆసామి పెన్నూ కాగితం పట్టుకుని వెళ్ళి ఇన్నేళ్ళు ఎలా మన్నిందని అడిగాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి, "మిట్టలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. అక్కడ మెల్లగా పోతాను" అన్నాడు. ఇంటికొచ్చి ఆసామి ఆ మాటని షీటులో ఎక్కించి, పక్కన "ఆధారం లేదు" అని రాసుకున్నాడు.

"మీరు బండి కొనేలోపు ఈ గడ్డి మన మనవలు కోస్తారు" అని వాళ్ళావిడ గట్టిగా అనడంతో చివరికి డీలరు దగ్గరికి వెళ్ళాడు, నన్ను వెంటబెట్టుకుని. సంతలో వాళ్ళ తాత ఎద్దుల పళ్ళు ఎలా చూసేవాడో ఆసామి అలా బండి చుట్టూ తిరిగాడు. వంగి ముందు ఇరుసు మీద గోటితో కొట్టి పోత ఇనుమే అని నిర్ధారించుకున్నాడు. ఆ ఇరుసు మధ్యలో ఊగుతుందా అని బరువేసి చూశాడు. ఒక చక్రం గుంటలో పడ్డా మిగతా బండి దానితో కుంగకుండా కాపాడేది ఆ ఊపే. తర్వాత డెక్కు కింద తల పెట్టి బ్లేడు కదురు గూళ్ళు అల్యూమినియమా ఇనుమా అని చూశాడు. లేచి నిలబడేటప్పుడు తల డెక్కుకి తగిలింది. "పదో గేజే" అన్నాడు తల రుద్దుకుంటూ.

అరవై అంగుళాల డెక్కు పెట్టుకుంటే పని తొందరగా అవుతుందని సేల్స్ కుర్రాడు ఆశపెట్టాడు. ఆసామి లొంగలేదు. వెడల్పాటి డెక్కు మిట్ట మీదకి పోతే మధ్యలో నేలని గీరేస్తుంది, పల్లంలో గడ్డిని వదిలేస్తుంది. గతుకుల నేలకి 48 చాలు. రెండు వెనక చక్రాలూ కలిసి తిరిగేలా బిగించే డిఫరెన్షియల్ లాక్, రెండు సిలిండర్ల ఇంజన్, వడపోత గిన్నెతో సహా నూనె మార్చుకోగలిగే గేర్‌బాక్సు. అన్నీ కుదిరాయి. ఏ కంపెనీదో మాత్రం నేను చెప్పను, చెబితే మిగతా మూడు రంగులవాళ్ళు నాతో మాట్లాడరు.

ఆదివారం పూజ పెట్టుకున్నారు. పంతులు గారు వీడియోలో. "వాహనమా నాయనా, పనిముట్టా?" అని ఆయన సందేహం. వాహనమైతే ఒక వరస, పనిముట్టైతే ఆయుధపూజ కిందికి వస్తుందట. ఆసామి రెండూ చదవమన్నాడు, దక్షిణ రెండింటికీ ఇస్తానని. బానెట్ మీద పసుపూ కుంకుమా పెట్టారు, చక్రానికొకటి చొప్పున నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఆసామి టోపీ సర్దుకుని ఎక్కాడు. నిమ్మకాయలు తొక్కించేదాకా బ్లేడ్లు తిప్పక్కర్లేదు. కానీ అందరూ ఫోన్లు ఎత్తి తీస్తుంటే ఉత్తినే పోతే ఏం బాగుంటుంది? పసుపు మీట లాగాడు. బ్లేడ్లు అందుకున్నాయి. వెనక చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి, ముందువి ఒకటి చితికి రెండోది డెక్కు కిందకి దొర్లింది. దాని వెనకాలే ఎవరూ ఏరని కొబ్బరిచిప్ప. ఠాంగుమని ఒక్క మోత. పక్కనున్న మడత కుర్చీ మీద చిప్పముక్క పడింది, పిల్లలు వెనక్కి పరిగెత్తారు. ఆసామి బండి ఆపి దిగి, డెక్కు తడిమి చూసి లేచాడు. "సొట్ట లేదు" అన్నాడు. ఆ మొహంలో వెలుగు వాళ్ళ పెళ్ళి ఫొటోల్లో కూడా లేదని వాళ్ళావిడ అన్నది.

ఆ వారమే పల్నాడులో ఉన్న నాన్నకి వీడియోలో చూపించాడు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు.

"బండి బాగుందిరా. పంటేంది?"

"గడ్డి నాన్నా."

"గొడ్లెన్ని?"

"గొడ్లు లేవు."

"ఆ గడ్డి దగ్గరికి పెట్టు." ఆసామి ఫోన్ వంచాడు. "గరికరా అది! నలభై ఏళ్ళు పత్తి చేలో నడుం విరిగేలా పీకి గట్టున పారేశాను. నువ్వు దానికి బండి కొన్నావా?"

సిగ్నల్ సరిగా లేదని ఆసామి ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడాయన మా అందరికీ గురువు. ఊరి చివర నేల కొన్న ప్రతివాడూ ముందు ఆయన దగ్గరికే పోతాడు. బండి అరువడిగితే ఇవ్వడు, సలహా అడిగితే పూటంతా ఇస్తాడు. బండి చూడకముందు నేలంతా నడిచి, మొద్దులకీ పుట్టలకీ జెండాలు పాతమంటాడు. ఏటవాలులో పైకీ కిందకీ నడపాలి గానీ అడ్డంగా పోకూడదంటాడు. రేగడి తడిగా ఉన్నప్పుడు గరాజు తలుపే తీయొద్దంటాడు. తుమ్మముల్లుకి టైర్లలో సీలెంటు పోయించమంటాడు. విడిభాగాలు దొరికే డీలరు దగ్గర్లో లేని బండి ఎంత గట్టిదైనా వద్దంటాడు. చివర్లో గొంతు తగ్గించి, "అన్నిటికంటే ముఖ్యం, మిట్టలెక్కడున్నాయో తెలుసుకోవాల. అక్కడ మెల్లగా పోవాల. ఇది నా సొంత అనుభవం" అంటాడు.

మొన్న ఉగాదికి కలిసినప్పుడు బాగా దిగులుగా కనిపించాడు. ఏమిటని అడిగితే, కోత రెండు మూడు గంటల్లో అయిపోతోందట, మిగతా శనివారమంతా ఖాళీ. వాగు గట్టు పొదలకి ఈ బండి సరిపోదని, చిన్న ట్రాక్టరు కొని వెనక బ్రష్ కట్టర్ తగిలించాలని కొత్త షీటు మొదలుపెట్టాడు. అయితే ఆ ట్రాక్టరుకి అయిదెకరాలు ఏ మూలకి? ఇంకో రెండెకరాలైనా ఉంటే ట్రాక్టరుకీ న్యాయం జరుగుతుంది, తేనెటీగల లెక్కా కుదురుతుంది. పక్క పొలం పెద్దాయనకి నా మీద కాస్త మంచి అభిప్రాయం ఉందని ఎవరో చెప్పారట. ఆయన ఆ వాగు వైపు ముక్క అమ్ముతాడేమో మెల్లగా కనుక్కోమన్నాడు. అమ్మేటట్టైతే, ఆ తుప్పు బండితో కలిపి ఎంతంటాడో కూడా.