రెండు రూపాయల దర్జా

కేంద్రానికి కూలీల మీద దయ లేదంటే కళ్లు పోతాయి. ఇంతకన్నా తగ్గొద్దంటూ రాష్ట్రాలకు సూచించే కనీస వేతనం 2017లో రోజుకు 176 రూపాయలు. 2019లో దాన్ని ఏకంగా 178 చేశారు. రెండేళ్లకు రెండు రూపాయలు! అంత సొమ్ము ఎక్కడ దాచాలో తెలియక ఎందరు కూలీలు నిద్ర మానుకున్నారో.

అదే ఏడాది మొదట్లో సర్కారువారి నిపుణుల సంఘమే మరో లెక్క తేల్చింది. మనిషికి రోజూ 2,400 కేలరీలు, 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు కావాలి కాబట్టి కనీసం 375 ఇవ్వమంది. నివేదిక అటకెక్కింది. అక్కడి ఎలుకలకైనా ఆ కేలరీలు అందే ఉంటాయి. (మాంసకృత్తులు కందిపప్పులో దొరుకుతాయంటారు గానీ, కూలీ ఇంటి పప్పుచారులో ఇప్పుడు మిగిలింది చారే.)

ధరల సెగ ఢిల్లీకి తగలదనుకుంటే మాత్రం పొరపాటు. ఎంపీల జీతాన్ని ద్రవ్యోల్బణ సూచీకి కట్టేస్తూ 2018లోనే చట్టం చేసుకున్నారు. ధర్నా అక్కర్లేదు, దండం అక్కర్లేదు, ఐదేళ్లకోసారి దానంతటదే పెరుగుతుంది. 2025 మార్చిలో లక్ష కాస్తా లక్షా 24 వేలయింది. అదీ 2023 ఏప్రిల్‌ నుంచి లెక్కగట్టి! రోజుభత్యం 2,000 నుంచి 2,500కు చేరింది. ఆ పెరిగిన 500 సంపాదించాలంటే 178 కూలీ దాదాపు మూడు రోజులు ఒళ్లు వంచాలి.

అయినా వాళ్లనేం అంటాం? పార్లమెంటు క్యాంటీన్‌లో రాయితీ 2021లోనే ఎత్తేశారు, పాపం. భోజనం ఖరీదైనప్పుడు భత్యం పెరగొద్దూ!