పోనీలెండి, దానధర్మమే కదా!

ఇంగ్లీషువాళ్ళు పొట్టి గుర్రాన్ని 'పోనీ' అని ఎందుకంటారో నిఘంటువులు ఏవేవో చెబుతాయి. నేను నమ్మను. ఒక వేసవంతా ఇంగ్లండులో మా పల్లె ఛారిటీ గుర్రాల ప్రదర్శనకు కోశాధికారిగా వెలగబెట్టాక నాకు తెలిసిందేమిటంటే, అది అచ్చ తెలుగు మాట. ఖర్చు పెరిగిందా? పోనీ. వానకి పొలం చిత్తడైందా? పోనీ. చివరికి మిగిలింది చిల్లరేనా? పోనీలెండి, దానధర్మమే కదా! ఇంత ఓర్పు మీద నాలుగు కాళ్ళూ ఆనించి నిలబడ్డ జంతువుకి ఇంకేం పేరు పెడతారు?

ఆ పదవి నాకెలా దక్కిందో చెప్పాలి. మా అమ్మాయి వారానికో అరగంట గుర్రపుస్వారీ నేర్చుకుంటుంది. స్వారీ పిల్లది, మోత తండ్రిది. అక్కడి తల్లులంతా కమిటీగా ఏర్పడి, "ఇండియా వాళ్ళకి లెక్కలు బాగా వస్తాయట కదా" అంటూ నన్ను పట్టుకున్నారు. ఇంటర్లో నాకు లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో వాళ్ళకి తెలీదు. నేనూ చెప్పలేదు.

మొదటి సమావేశం రెండున్నర గంటలు సాగింది. అందులో గంటన్నర రోజెట్లకే సరిపోయింది. రోజెట్ అంటే మన స్కూలు వార్షికోత్సవంలో ముఖ్య అతిథి జేబుకి గుచ్చే రిబ్బను పువ్వు లాంటిది. ఇక్కడ దాన్ని గుర్రం కళ్ళేనికి కడతారు. ముఖ్య అతిథికీ గుర్రానికీ తేడా ఏమిటంటే, గుర్రం ప్రసంగించదు. బ్రిటన్‌లో మొదటి బహుమతికి ఎరుపు, రెండోదానికి నీలం, మూడోదానికి పసుపు, నాలుగోదానికి ఆకుపచ్చ. "అమెరికాలో మొదటిది నీలం కదండీ" అని నోరు జారాను. 1776లో వలసలు చేజారిపోవడానికి నేనే కారణమన్నట్టు అందరూ నావైపు చూశారు. ఆ తర్వాత ఆరో స్థానం దాకా రిబ్బన్లు, 'పాల్గొన్నందుకు' ఒకటి, ఏ పిల్లా ఏడవకుండా జేబులో ఉంచుకోవడానికి మరో డజను. అన్నీ అచ్చు వేయించడానికి తీర్మానం.

ఇక ఆ డబ్బు ఎవరికివ్వాలన్నది ఆఖరి అంశం. టీ కప్పులు కడుగుతూ తేల్చేశారు: ఎయిర్ అంబులెన్సుకి.

ఇందులోని సొగసు చూడండి. ఇంగ్లండులో ఎయిర్ అంబులెన్సులు ప్రధానంగా జనం ఇచ్చే విరాళాల మీదే ఎగురుతాయి. పొలాల్లో గుర్రం మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నవాళ్ళ కోసం వచ్చేదీ చాలాసార్లు ఆ హెలికాప్టరే. అంటే గుర్రం మీంచి పడ్డవాళ్ళని ఎత్తుకెళ్ళే యంత్రానికి చమురు పోయించడం కోసం, మనం మరికొందరిని గుర్రాలు ఎక్కిస్తామన్నమాట. ఆకలి తీర్చే పుణ్యం దక్కాలంటే ముందు నలుగురిని పస్తు పెట్టినట్టు.

సరే, ఖర్చులు. పొలం అద్దె, బీమా, ప్రథమ చికిత్స బృందం, తాత్కాలిక మరుగుదొడ్లు, మైకు సెట్టు, కప్పుల మీద పేర్లు చెక్కించడం, న్యాయనిర్ణేతల దారిఖర్చులు, వాళ్ళ మధ్యాహ్న భోజనం, బురదలో కూరుకుపోయే, గుర్రాల్ని మోసుకొచ్చే బండ్లను లాగడానికి ఒక ట్రాక్టరు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు పెద్దలు. ప్రదర్శన ధర్మానిదైనా తప్పదు. చారాణా కోడికి బారాణా మసాలా అనే మాట వీళ్ళకి ఎలా చెప్పాలో తెలీక, "కాస్త ఎక్కువేమో" అన్నాను. అధ్యక్షురాలు నా భుజం తట్టి, "ఎంతైనా ఛారిటీ కోసమే కదా" అన్నారు. ఆ మాటకి జవాబు లేదు. ఉండకూడదనే ఆ మాటని కనిపెట్టారు.

ఇవి కమిటీ ఖర్చులు మాత్రమే. ఇంటింటి ఖర్చులు వేరు. పిల్లకి ట్వీడు కోటు, బిగుతు లాగు, మోకాలి బూట్లు, ఆమోదముద్ర పడ్డ టోపీ, జడకి పోనీ నుదుటి పట్టీకి సరిపోయే రంగు రిబ్బను. పోనీకి షాంపూ, గిట్టలకి నూనె, తెల్లకాళ్ళు మరింత తెల్లగా ఉండటానికి సుద్దపొడి, జూలుకి వరసగా చిన్న చిన్న జడలు. మా ఆవిడ తన పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు కాలేదు. దీని పైన పాస్‌పోర్టు. అవునండీ, బ్రిటన్‌లో ప్రతి గుర్రానికీ పాస్‌పోర్టు ఉండాలి. 2020 అక్టోబరు నుంచి ఇంగ్లండులో మెడలో మైక్రోచిప్ కూడా తప్పనిసరి. మా మామగారి వీసా కోసం నేను సమర్పించిన కాగితాలతో పోలిస్తే అది నయమే.

మామగారంటే గుర్తొచ్చింది. గుడివాడ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆ వేసవి మా దగ్గరే ఉన్నారు. జీవితమంతా ఒంగోలు గిత్తల మధ్య గడిపిన మనిషి. బండలాగుడు పోటీ ఎక్కడున్నా వెళ్ళి చెట్టు కింద కూర్చునేవారు. ప్రదర్శన రోజు పొద్దున్నే పంచె మీద నా చలికోటు వేసుకుని వచ్చి, తాళ్ళు కట్టిన గిరి పక్కన మడతకుర్చీలో కూర్చున్నారు.

"ఏమండీ అల్లుడుగారూ, ఇవి బండ ఎంతసేపట్లో లాగుతాయి?"

"ఇవి బండ లాగవు మామయ్యగారూ."

"బండి?"

"బండీ లాగవు. వీటినే బండ్లలో ఎక్కించి తీసుకొస్తారు."

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే అల్లుళ్ళన్నమాట" అన్నారు.

పోటీలు మొదలయ్యాయి. ముందు, పోనీ ఏది, గుర్రం ఏది అన్న కొలత. వీళ్ళు గుర్రాన్ని చేతులతో కొలుస్తారు. ఒక 'హ్యాండ్' అంటే నాలుగు అంగుళాలు, మన బెత్తెడుకి దగ్గరి చుట్టం. పధ్నాలుగు చేతుల రెండంగుళాల లోపుంటే పోనీ, అంటే 148 సెంటీమీటర్లు. ఒక్క సెంటీమీటరు దాటితే గుర్రం, దానికి వేరే పోటీ, వేరే రుసుము. తర్వాత 'తాడు పట్టే విభాగం'. పిల్ల ఎక్కుతుంది, తల్లి టోపీ పెట్టుకుని తాడు పట్టుకుని నడుస్తుంది, పోనీ ఇద్దర్నీ భరిస్తుంది. ఆ తర్వాత అందమైన ఆడగుర్రం, వృద్ధ గుర్రం, వేషాల పోటీ, స్పూనులో గుడ్డు పెట్టుకుని స్వారీ. మామగారు ఏదీ కాదనలేదు. 'న్యాయనిర్ణేతకి ఇంటికి తీసుకెళ్ళాలనిపించే గుర్రం' అని మైకులో పిలిచి నేను అనువదించేసరికి మాత్రం లేచి కూర్చున్నారు.

"నిజంగా తీసుకెళ్తుందా?"

"లేదండీ. రిబ్బను కట్టి పంపేస్తుంది."

"ఓహో, పెళ్ళిచూపులు. స్వీటూ కారం తిని, పిల్ల లక్షణంగా ఉందంటారు, మళ్ళీ ఉత్తరం రాయరు."

ఆయన పెదవి విరుపుకి కారణముంది. బండలాగుడులో గిత్తల్ని పళ్ళు చూసి విడదీస్తారు: రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. ఇచ్చిన సమయంలో బండ ఎన్ని అడుగులు కదిలిందో టేపు పెట్టి కొలుస్తారు. టేపుకి మొహమాటం లేదు. పైగా ఆ పోటీ పెట్టేది ఊరి పేరు కోసం, యజమాని మీసం కోసం అని అందరూ ఒప్పుకుంటారు. అనాథలకోసమే గిత్తని మేపుతున్నానని ఎవరూ అనరు. గిత్తల వీపు మీద చెర్నాకోల మాటేమిటంటారా? అడగాల్సిన ప్రశ్నే, దానికి వేరే వ్యాసం రాస్తాను. ఇక్కడ పోనీలకి చెర్నాకోల కన్నా ముద్దే ఎక్కువ. బొద్దుగా నిగనిగలాడితే ప్రదర్శనలో కంటికి ఇంపు. లావెక్కిన పోనీలకి లామినైటిస్ అనే గిట్టల జబ్బు వస్తుందని పశువైద్యులు మొత్తుకుంటూనే ఉన్నారు. మనకి ముళ్ళపూడి, బాపు బుడుగునిచ్చినట్టు, నార్మన్ థెల్‌వెల్ అనే కార్టూనిస్టు 1953 నుంచి 'పంచ్' పత్రికలో పొట్టి పిల్లల్నీ కుండపొట్ట పోనీలనీ గీసి ఈ లోకాన్ని నవ్వించాడు. ఆయన బొమ్మల్లో పోనీ మొహం చూడండి. తన పేరుమీద జరుగుతున్న దాని లెక్కాజమా తెలిసిన మొహమది.

ఇలాంటి ఆటల పోటీలకి ఇక్కడ 'జింఖానా' అని కూడా పేరు. మామగారికి ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది, సికింద్రాబాద్‌లో జింఖానా మైదానం చూశారు కదా. నిజానికి ఆ మాట మన దేశంలోనే పుట్టింది. 'గేంద్ ఖానా', అంటే బంతులాట ఇల్లు, దొరల నోట్లో పడి అలా మారిందంటారు. 1861లో రూర్కీలో వాడినట్టు దాఖలా ఉంది. మన దగ్గర అది క్లబ్బూ మైదానమూ అయింది, వీళ్ళ దగ్గరికొచ్చి పోనీల ఆటయింది. ఆటైతే ఆటేనని జింఖానా ఒప్పుకుంటుంది. దానిముందు 'ఛారిటీ' చేరాకే చిక్కు మొదలవుతుంది.

గుర్రాల ప్రదర్శనతో డబ్బు పోగవదని నేననను. విండ్సర్ కోట నీడలో ఇప్పటికీ ఏటా జరిగే రాయల్ విండ్సర్ హార్స్ షో మొదలైంది 1943లో, యుద్ధం మధ్యలో, వైమానిక దళానికి నిధుల కోసం. జెఫ్రీ క్రాస్, కౌంట్ రాబర్ట్ ఓర్సిచ్ అనే ఇద్దరు పూనుకున్నారు. 78 టైఫూన్ యుద్ధవిమానాలకి సరిపడా, 3,91,197 పౌండ్లు వచ్చాయి. అప్పుడది గుర్రాలూ కుక్కలూ కలిసిన ప్రదర్శన. ఒక వేటకుక్క ఆరో జార్జి రాజుగారి భోజనంలోంచి కోడిమాంసం ఎత్తుకుపోయిందనీ, ఆ తర్వాత కుక్కల్ని రానివ్వలేదనీ చెప్పుకుంటారు. నాకు ముచ్చటేసేది ఇదే: దానం సొమ్ములోంచి భోంచేసిన కుక్కని వాళ్ళు గేటు బయట పెట్టారు. మా కమిటీ అయితే దానికి రోజెట్ కట్టేది.

మా పొలంలో రాఫిల్ టిక్కెట్లూ అమ్మాం, మన లక్కీ డ్రా లాంటివే. దాని చట్టం చదివితే నాకు కళ్ళు తెరుచుకున్నాయి. ఇలాంటి కార్యక్రమాల్లో నడిపే చిన్న లాటరీల వసూళ్ళలోంచి నిర్వహణ ఖర్చుల కింద 100 పౌండ్లు, బహుమతుల కింద 500 పౌండ్లు మించి తీసుకోకూడదని బ్రిటన్ జూదం చట్టం కింద నిబంధన. రెండు జామ్ సీసాలూ ఒక వైన్ సీసా గెలుచుకునే డబ్బాకి ఇంత కళ్ళెం! దాని చుట్టూ దౌడు తీసే ప్రదర్శనకి మాత్రం కళ్ళెమే లేదు.

సాయంత్రానికి లెక్క తేలింది. ప్రవేశ రుసుములు రిబ్బన్లకీ కప్పులకీ చెల్లు. పార్కింగు డబ్బులు ట్రాక్టరుకి చెల్లు. కేకుల అంగడి మాత్రం లాభం చూపించింది, అక్కడ ఒక్క గుర్రమూ లేదు కాబట్టి. మిగిలినదాంతో హెలికాప్టరు మా పొలం మీద ఒక చక్కరు కొట్టి వెళ్ళడం కూడా కష్టమే. అయినా మంచం పట్టెంత అట్టముక్క మీద ఆ అంకె పెద్ద చెక్కుగా రాయించాం. దాని అచ్చు ఖర్చు కూడా అందులోంచే. అందరం నిలబడి ఫోటో దిగాం. అట్ట అంత వెడల్పుంది కాబట్టి అంకె చిన్నదని ఫోటోలో తెలీదు.

ఇదంతా చదివి మీరు దొరల్ని చూసి నవ్వుతుంటే, కాస్త ఆగండి. విదేశాల్లో మన సంఘాల 'సేవా సంబరాలు' చూశారా? హైదరాబాదు నుంచి సినీతారకి బిజినెస్ క్లాసు టిక్కెట్టు, పెద్ద హోటల్లో గది, వేదికకి పూలు, దాతలకి శాలువలు, శాలువ కప్పినవాళ్ళకి జ్ఞాపికలు, అందరికీ బిర్యానీ. ఆ మిగిలినదాంతో ఏదో ఊళ్ళో బడికి నాలుగు బెంచీలు. ఆ బెంచీల ప్రారంభోత్సవానికి ఒక బృందం, దానికి మళ్ళీ శాలువలు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, జనం సొమ్ముతో సంబరం మనది, పేరు బడిపిల్లలది. గుర్రాలు లేవన్నదే తేడా.

న్యాయంగా చెప్పాలంటే, ఆ రోజు పొలంలో నేను చెడ్డవాళ్ళని చూడలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పోనీకి స్నానం చేయించిన పిల్లలున్నారు. అందరూ వెళ్ళాక వానలో పార పట్టుకుని లద్దె ఎత్తిన తల్లులున్నారు. మా అమ్మాయి ఆరో స్థానం రిబ్బనుని తలగడ కింద పెట్టుకుని పడుకుంది. ఆ సంతోషం నిజం, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పిల్లలూ గుర్రాలూ ఒక పూట ఆడుకోవడం దానికదే మంచి పని. నా కోపమల్లా, మన సరదాకి పేదవాడి పేరో రోగి పేరో కప్పి, ఆ కప్పు కింద లెక్కలు అడగనివ్వకపోవడం మీద.

మరుసటి ఏడాది సమావేశంలో ఒకటే ప్రతిపాదన పెట్టాను. గేటు దగ్గర ఒక పలక, దాని మీద మూడే గీతలు: వచ్చింది ఇంత, అయింది ఇంత, ఇచ్చింది ఇంత. "ఛారిటీకి అంత అవసరమా?" అన్నారు అధ్యక్షురాలు. ఓటింగులో నాకు ఒక ఓటు వచ్చింది, నాదే. కోశాధికారి పదవికి ఇప్పుడు వేరే ఎవరో దొరికారు.

కాబట్టి మీకో మాట. ఈసారి ధర్మం పేరుతో ఎవరు పందిరి వేసినా, అది గుర్రాలదైనా గజ్జెలదైనా, వెళ్ళండి, చూడండి, పిల్లలకి చప్పట్లు కొట్టండి. డబ్బాలో నోటు వేసేముందు మాత్రం ఆ మూడు గీతల పలక ఎక్కడుందని అడగండి. లేదంటే నోటు జేబులో పెట్టుకుని, ఆ ఎయిర్ అంబులెన్సుకో, ఆ బడికో నేరుగా పంపండి. లెక్క అడిగితే మొహం చిట్లిస్తారు, చిట్లించనీయండి. ఆ ఒక్క మాట మాత్రం మీ నోట రానివ్వకండి: పోనీ.