మడ్డి సంజీవని

సీస యడుగు మడ్డి సిరియని దాచుము
గరిటె మాల్టు నీటఁ గలిపి పెంచు
మూత బిగియఁ బెట్ట ముప్పగు సుమ్మయా
వినుము బావ! బీరు విద్య యిదియె

అవతారిక. ఈ పద్యంలోని విషయానికి కర్త మా బావమరిది. ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ దగ్గర కాపురం. వారమంతా సాఫ్ట్‌వేర్, శనాదివారాలు గరాజ్‌లో బీరు. ఆయన చెప్పింది వచనంలో, అందులోనూ మూడొంతులు ఇంగ్లీషులో, అన్నం వడ్డించకముందు మొదలుపెట్టి చారు చల్లారేదాకా. ఆటవెలదిలో ఇమిడ్చిన పుణ్యం మాత్రం నాది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ. మొదటి సగానికి నేనూ కట్టుబడతాను. రెండో సగానికి కూడా కట్టుబడితే వ్యాఖ్యాతల బతుకు ఏం కావాలి?

తాత్పర్యము. పరీక్షకు వెళ్ళేవాళ్ళు ఇదొక్కటే చదువుతారు గనుక ముందే ఇచ్చేస్తున్నాను. ఓ బావా, బీరు వంపుకున్నాక సీసా అడుగున మిగిలే మడ్డిలో ఈస్టు బతికే ఉంటుంది. దాన్ని పారబోయక, ఉడికించి చల్లార్చిన మాల్టు నీళ్ళు కొద్దికొద్దిగా పోసి పెంచు. మూత బిగించకు. అలా పెరిగినదానితో ఇంట్లోనే బీరు కాచుకోవచ్చు. ఇంతే. దీనికి చారు చల్లారక్కర్లేదు.

సీస, అడుగు. సుగమము.

మడ్డి. అన్ని బీర్లకూ ఉండదు. మన ఊళ్ళలో దొరికే సీసా బీరు వడకట్టి, వేడిచేసి పంపింది. దాని అడుగున వెతికితే గాజే. కొన్ని బీర్లను మాత్రం ఈస్టుతో సహా, కాస్త పంచదార చేర్చి సీసాకెత్తుతారు. లోపల మళ్ళీ పులిసి నురగ పడుతుంది. పని ముగించిన ఈస్టు అడుగుకు దిగి గోధుమరంగు పొరగా పేరుకుంటుంది. సీసాను కొన్నాళ్ళు ఫ్రిజ్‌లో నిలబెట్టి, కదలకుండా వంచితే పైదంతా తేటగా వచ్చేస్తుంది, వేలెడు లోతున ఇది మిగులుతుంది. చచ్చింది కొంత, కునికేది కొంత.

సిరియని. శంక: మడ్డి సిరి ఎట్లా అవుతుంది? సమాధానము: బెల్జియంలో అయింది. బ్రీన్‌డాంక్ గ్రామంలో మూర్ట్‌గాట్ వారి బీరుబట్టీకి ఈస్టు స్కాట్లండు నుంచి వచ్చింది. అక్కడి మెకెవన్స్ బీరు సీసాల్లోని ఈస్టును లూవెన్ ఆచార్యుడు జాన్ డి క్లెర్క్ మైక్రోస్కోపు కింద పెట్టి రకాలు వేరుచేశాడు. ఆ బట్టీ బీరు గట్టిదనం చూసి ఎవరో ఇది అచ్చం దెయ్యమే అన్నారట. 1923 నుంచి దాని పేరే డూవెల్, అక్కడి యాసలో దెయ్యం. ఇంత పేరున్న బీరుకే వంశమూలం ఒకరి సీసా అడుగున ఉంటే, మా బావమరిది సీసా అడుగున వెతకడం తప్పు కాదు. ఆ మాట ఒప్పుకుంటాను.

ఒప్పుకోనిది ఆయన కట్టే గోత్రం. షిమే అనే బెల్జియం మఠం బీరు సీసా చేతికెత్తుకుంటే గొంతు మారిపోతుంది. "వెయ్యేళ్ళ సన్యాసుల ఈస్టు, బావా ఇది." దాన్ని కాచే స్కూర్‌మాఁ మఠం పుట్టిందే 1850లో. బీరు మొదలైంది 1862లో. ఇప్పటి ఈస్టును ఫాదర్ తెయోడోర్ శుద్ధంగా వేరుచేసింది 1948లో, అదీ పైన చెప్పిన డి క్లెర్క్ సాయంతోనే. (ఆ ఆచార్యుడి సమాధి కూడా ఆ మఠంలోనే ఉంది.) అంటే మా మామగారు పలకా బలపం పట్టిన నాటి సరుకు. ఈ లెక్క నేను చెబితే బావమరిది "ట్రెడిషన్ అంటే డేట్లు కాదు బావా" అన్నాడు.

దాచుము. ఇందులో దొంగతనం ధ్వనిస్తోందని కొందరంటారు. అది ఒరెగాన్‌లో పొసగదు. అమెరికాలో మద్యనిషేధం 1933లో పోయినా ఇంట్లో బీరు కాయడం నేరంగానే ఉండిపోయింది. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టాక, మరుసటి ఏడాది ఫిబ్రవరి నుంచి, ఒంటరివాడికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దలున్న ఇంటికి 200 గ్యాలన్లు పన్ను లేకుండా చెల్లుతాయి. కౌటిల్యుడు ఇంతకన్నా ముందే ఉదారుడు. అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి ప్రకరణంలో గృహస్థులు శుభకార్యాలకు సుర కాచుకోవచ్చన్నాడు, ఉత్సవాలకు నాలుగు రోజుల సడలింపు ఇచ్చాడు, మినప్పిండి, బియ్యం కలిపి కిణ్వం, అంటే పులియబెట్టే ముద్ద, చేసే కొలత కూడా రాసిపెట్టాడు. మినుము మనదే, బియ్యం మనవే. కాని ఈ ప్రయోగం రాజమండ్రిలో చేస్తే చూడ్డానికి వచ్చేది సురాధ్యక్షుడి వారసులే.

గరిటె. పద్యానికి ప్రాణం ఈ మాట. 'కడవ' అని పాఠాంతరం కల్పించేవాళ్ళు ఈస్టును చంపుకుంటారు. కునికే ప్రాణికి ఒక్కసారిగా విందు పెట్టకూడదు. లీటరు నీటికి 100 గ్రాముల మాల్టు పొడి మామూలు పాకం. మొదటి విడతకు అందులో సగం చిక్కన చాలు. పది పదిహేను నిమిషాలు ఉడికించి, గది వేడికి చల్లార్చి, సీసా మూతిని మంటకు చూపి, ఆ మడ్డి మీద నాలుగైదు చెంచాలు పోయాలి. నురగ కనబడ్డాక దానికి అయిదారింతలు. మళ్ళీ అయిదారింతలు. లీటరు దాటాకే ఇరవై లీటర్ల బీరుకు పనికొస్తుంది. ప్రతి విడతా వాసన చూడాలి. రొట్టె వాసన వస్తే సరే, సిరకా వాసన వస్తే సింకులో పొయ్యాలి.

ఏ సీసా అన్నది పద్యంలో లేదు. బావమరిది ఉపన్యాసంలోనూ లేదు, ఎందుకంటే అక్కడే ఆయన బండారం బయటపడుతుంది. ఆల్కహాలు ఎక్కువైనకొద్దీ అడుగునున్న ఈస్టు నీరసిస్తుంది. ఆరు శాతం లోపు, ఈమధ్యే సీసాకెత్తింది తీసుకోవాలి. సియెర్రా నెవాడా పేల్ ఏల్ 5.6 శాతం, వీధి చివర కిరాణాలో దొరుకుతుంది, అడుగున ఈస్టు ఉంటుంది. అమెరికాలో ఎందరో ఇంటి బట్టీవాళ్ళకు ఓనమాలు దాంతోనే. మావాడు దాని వంక చూడడు. తొమ్మిది శాతం నీలం షిమేయే కావాలి, ఎందుకంటే దాని వెల ఎక్కువ, లేబులు మీద మఠం ఉంది. పోనీ అదైనా ఆ మఠం ఈస్టే. కొందరు బట్టీదార్లు, జర్మనీ గోధుమ బీరు కాచేవాళ్ళలోనూ కొందరు, అసలు ఈస్టును తీసేసి సీసాలో వేరే ఈస్టు వేస్తారు. అది తెలియక పెంచినవాడిది కాకి కాపురం, పిల్ల మాత్రం కోకిలది.

పెంచు. ఇక్కడ ఆగక తప్పదు. ప్రాణమున్నదాన్నే కదా పెంచుతాం, మడ్డికి ప్రాణముందా? ఈ శంక నాది కాదు, ఐరోపా పండితులది. 1837 ప్రాంతంలో ఫ్రాన్సులో కాన్యార్ లతూర్, జర్మనీలో ష్వాన్, క్యూట్జింగ్ ఎవరికి వారే మైక్రోస్కోపులో చూసి ఈస్టు ప్రాణి అన్నారు, పంచదార ఆల్కహాలు కావడం దాని చలవేనన్నారు. రసాయనశాస్త్రానికి అప్పుడు మకుటం లేని మహారాజు లీబిగ్. పులియడం రసాయన చర్య, మధ్యలో ఈ జీవి ఎవరని ఆయన పట్టు. ఆయనా, మిత్రుడు వోలరూ కలిసి 1839లో తమ పత్రికలోనే పేరు పెట్టకుండా ఒక పరిశోధన వ్యాసం వేశారు. పైకి వ్యాసం, లోపలంతా వెటకారం. గొప్ప మైక్రోస్కోపులో చూస్తే ఈస్టు చిన్న గుడ్లలా ఉంటుందట. పంచదార నీళ్ళలో వేయగానే గుడ్లు పగిలి జంతువులు పుడతాయట. ఆకారం బట్టీ పాత్రది. పళ్ళూ కళ్ళూ కనబడవట. పొట్ట, పేగు, మలద్వారం, మూత్రాశయం మాత్రం స్పష్టమట! పుట్టిన క్షణం నుంచి పంచదార మింగుతాయి; వెనకనుంచి ధారగా ఆల్కహాలు, మూత్రద్వారం నుంచి బొగ్గుపులుసు గాలి. మూత్రాశయం నిండితే షాంపేన్ సీసా ఆకారంలో ఉంటుందట.

ఎంత నిష్ఠగా రాశారో చూడండి! షాంపేన్ సీసా ఆకారమట! వ్యాఖ్యానాలు రాసే ప్రతివాడూ ఆ ఇద్దరికీ ఒక దండం పెట్టాలి. చిక్కల్లా ఒకటే, వెక్కిరించినవాళ్ళే ఓడిపోయారు. అవయవాల సంగతి వదిలేస్తే, ఆ ప్రాణి పంచదార తిని ఆల్కహాలునూ గాలినీ వదిలే మాట నిజమే. పాశ్చర్ వచ్చి అది తేల్చాడు. 1871లో జర్మనీ చేతిలో తన దేశం ఓడిన కసితో బీరు మీద పరిశోధనకు కూర్చుని, 1876లో పుస్తకమే అచ్చేశాడు. అంతకు చాలా ముందే, 1845లో, డెన్మార్క్ బట్టీదారు యాకబ్సెన్ మ్యూనిక్ నుంచి రెండు రేకు డబ్బాల్లో ఈస్టు పట్టుకుని గుర్రబ్బండి ఎక్కి, బండి ఆగినచోటల్లా దిగి డబ్బాల మీద చన్నీళ్ళు పోసుకుంటూ కోపెన్‌హాగెన్ చేరాడు. ఆయన పెట్టిన కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో 1883లో హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్టు పెంచాడు. దాన్ని ఇతర బట్టీలవాళ్ళకు కూడా ఊరికే ఇచ్చారు.

పద్యం ఎక్కడుంది? ఆఁ, పెంచు. ఊరికే ఇచ్చారన్నాను. మా బావమరిది జాడీల మీద స్కెచ్ పెన్నుతో "ముట్టుకోవద్దు" అని ఉంది.

మూత బిగియఁ బెట్ట ముప్పు. పులిసేటప్పుడు వచ్చే గాలికి దారి లేకపోతే జాడీ పగులుతుంది. అందుకని అల్యూమినియం కాగితం వదులుగా కప్పి పెడతాడు. కప్పినవన్నీ ఫ్రిజ్ పై అరలో. మా ఆవిడ, అంటే ఆయన అక్క, పెరుగు గిన్నె పెట్టబోతే, "అక్కా, ఆ షెల్ఫ్ ముట్టుకోకు, కల్చర్ ఉంది" అన్నాడు. "నా గిన్నెలో ఉన్నదేమిట్రా మరి?" అంది. జవాబు లేదు. గిన్నె మాత్రం కింద కూరగాయల సొరుగులోకి దిగింది.

వినుము బావ. వినకేం చేస్తాను? నా గ్లాసులోకి పోసేటప్పుడు ఆయన కన్ను నా మీద ఉండదు, సీసా అడుగు మీద ఉంటుంది. మడ్డి కదలబోతోందనగా చెయ్యి వెనక్కి తీస్తాడు. తర్వాత గ్లాసు ఎత్తనివ్వడు. ముందు వాసన, తర్వాత రంగు, తర్వాత మఠం చరిత్ర. నురగ ఎప్పుడో చచ్చిపోతుంది.

విద్య యిదియె. ఇదొక్కటేనా విద్య? మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు తణుకు దగ్గర మా మామగారి ఊళ్ళో తాటితోపుకి తీసుకెళ్ళాను. పొద్దున దించిన కల్లు, లొట్టి నిండా నురగ. తియ్యటి నీరా కావాలంటే లోపల సున్నం పూస్తారు. కల్లు కావాలంటే నిన్నటి అడుగు కాస్త ఉంచి మళ్ళీ చెట్టుకి కడతారు. ఆ లొట్టిలోకి తొంగిచూసి బావమరిది మొహం చిట్లించాడు. "వడకట్టరా?" అని గీతగాణ్ణి అడిగాడు.

"పైది తాగండి బాబూ, కిందది కదపకండి. రేపటికి కావాలి" అన్నాడతను.

బావమరిది నా వైపు తిరిగి "అన్‌హైజీనిక్, బావా" అన్నాడు.