మరమ్మతే నా ఆయుష్షు

నేను కెర్నల్‌ని. లైనక్స్ కెర్నల్ అంటారు నన్ను. ఆపరేటింగ్ సిస్టంలో అన్నిటికంటే అడుగున ఉండే భాగాన్ని. ఫోన్‌లో తెర కనిపిస్తుంది, బొమ్మలు కనిపిస్తాయి, మాట వినిపిస్తుంది. నేను మాత్రం ఎవరికీ కనిపించను. తెర మీద వేలు ఎక్కడ తగిలిందో ముందుగా తెలిసేది నాకు. ఏ యాప్‌కు ఎంత మెమరీ ఇవ్వాలో, ప్రాసెసర్ మీద ఎవరి వంతు ముందో తేల్చేది నేను. ఒక యాప్ దాచుకున్నదాన్ని ఇంకో యాప్ తొంగి చూడకుండా కాపలా కాసేదీ నేనే.

లోకంలో కోట్ల యంత్రాల్లో ఒకేసారి బతుకుతున్నాను. పెద్ద పెద్ద డేటా సెంటర్లలో ఉన్నాను, సూపర్ కంప్యూటర్లలో ఉన్నాను. కానీ నా కథ చెప్పుకోవడానికి జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నంలోని ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఎంచుకున్నాను. నాకు దక్కిన అదృష్టమూ, నాకు జరుగుతున్న అన్యాయమూ రెండూ ఇక్కడినుంచే బాగా కనిపిస్తాయి.

ఈ ఫోన్ ఒక బీడీ కార్మికురాలిది. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. కోరుట్ల, మెట్‌పల్లి, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇట్లాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. గల్ఫ్‌లో ఒకరు, ఇక్కడ ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అయితే అక్కడ ఎనిమిది. ఆ వేళకు వీడియో కాల్ వస్తుంది. అప్పటికి తెర ఆరిపోయి, ప్రాసెసర్ నిద్రలో ఉంటుంది. రేడియో చిప్ నుంచి ఇంటరప్ట్ అనే పిలుపు నాకు అందుతుంది. ప్రాసెసర్‌ను లేపుతాను, తెర వెలిగిస్తాను, స్పీకర్‌ను మోగిస్తాను. ఆమె తంబాకు అంటిన బొటనవేలితో పచ్చ గుర్తును జరుపుతుంది. ఆ వేలు కదిలిన దారి అడ్డం, నిలువు అంకెలుగా నా దగ్గరికి వస్తుంది. దాన్ని యాప్‌కు అందిస్తాను.

“అవ్వా, తిన్నవా?”

“తిన్న బిడ్డా. నువ్వు తిన్నవా? అక్కడ ఎండలు ఎట్లున్నయి?”

ఈ రెండు ముక్కలు సముద్రం దాటాలంటే మైకు, కెమెరా, వైఫై, బ్యాటరీ అన్నీ నా మాట వినాలి. సెకనుకు వందల సార్లు వంతులు మారుస్తుంటాను. మెమరీ చాలకపోతే వెనక ఊరికే కూర్చున్న యాప్‌లను మూయించి, కాల్‌కు చోటు తీస్తాను. ఆ తల్లి కొడుకుల మధ్య నేనున్నానని వాళ్లకు తెలియదు. తెలియకుండా పని జరిగిపోవడమే నా వృత్తి ధర్మం.

నేను పుట్టింది ఫిన్లండ్ రాజధాని హెల్సింకిలో. లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి తాను ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని 1991 ఆగస్టు 25న లోకానికి చెప్పాడు. సెప్టెంబరులో నా తొలి రూపం 0.01 బయటికొచ్చింది. అప్పుడు నా ఒళ్లంతా కలిపితే దాదాపు పదివేల వరుసల కోడ్. 1992లో నన్ను జీపీఎల్ అనే లైసెన్సు కిందికి తెచ్చారు. నా జాతకం మార్చింది అదే. నన్ను ఎవరైనా తెరిచి చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మార్చి పంచినవాళ్లు ఆ మార్పును కూడా అదే షరతు మీద అందరికీ ఇవ్వాలి. 1994 మార్చిలో 1.0 వచ్చేనాటికి లక్షా 76 వేల వరుసలయ్యాను. 2008లో ఆండ్రాయిడ్ ఫోన్ మార్కెట్లోకి రావడంతో జేబుల్లోకి చేరాను. 2020 నాటికి నా కోడ్ 2 కోట్ల 70 లక్షల వరుసలు దాటింది.

ఇంత పెరిగిన ఒంట్లో బగ్‌లు, అంటే తప్పులు, లేకుండా ఉండవు. అందుకే నా జీవితమంతా మార్పే. తొమ్మిది, పది వారాలకొకసారి నాకు కొత్త వెర్షన్ వస్తుంది. మొదటి రెండు వారాలు కొత్త కోడ్‌కు తలుపు తెరుస్తారు. తర్వాత తలుపు మూసి, వారం వారం పరీక్షా వెర్షన్ విడుదల చేస్తూ, తప్పులు దిద్దడం మీదే కూర్చుంటారు. ఒక్కో విడతలో పదివేలకు పైగా మార్పులు నాలో చేరతాయి. వాటిని రాసేవాళ్లు దేశదేశాల వాళ్లు, పోటీ కంపెనీల వాళ్లు, ఏ కంపెనీకీ చెందని వాళ్లు. 2004 నుంచి ఒక కట్టుబాటు ఉంది: ప్రతి మార్పు కింద రాసినవారు తమ పేరు పెట్టి, ఇది ఇచ్చే హక్కు నాకుందని సంతకం చేయాలి. చూసినవారి పేరు, పరీక్షించినవారి పేరు, తప్పు చెప్పినవారి పేరు కూడా ఆ మార్పుతోపాటే నిలిచిపోతాయి. ఇంకో కట్టుబాటు టోర్వాల్డ్స్ పట్టుబట్టి నిలబెట్టింది: నాలో ఏ మార్పు చేసినా, నిన్నటిదాకా నా మీద నడిచిన ప్రోగ్రామ్ ఈరోజు ఆగిపోకూడదు.

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే కార్మికుడు పోగు తెగితే సాంచా ఆపి, తెగిన కొసలు వెతికి, ముడివేసి మళ్లీ నడిపిస్తాడు. నాకు వేసే ప్యాచ్ కూడా అలాంటి ముడే. గుడ్డంతా మళ్లీ నేయరు, తెగిన చోటే పట్టుకుంటారు. అయితే కోట్ల వరుసల్లో తెగిన చోటు దొరకడమే కష్టం. దానికి నా వాళ్ల దగ్గర మంచి ఉపాయాలున్నాయి. పాత వెర్షన్ బాగుంది, కొత్త వెర్షన్ పాడైంది, రెండింటి మధ్య పదివేల మార్పులున్నాయి అనుకోండి. సరిగ్గా సగం దగ్గర నన్ను నిలిపి పరీక్షిస్తారు. బాగుంటే తప్పు రెండో సగంలో ఉంది, పాడైతే మొదటి సగంలో ఉంది. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేస్తారు. అలా పద్నాలుగు పరీక్షలు చేసేసరికి పదివేలలో తప్పు తెచ్చిన ఆ ఒక్క మార్పూ బయటపడుతుంది. టోర్వాల్డ్స్ 2005లో నా కోసమే రాసిన గిట్ అనే సాధనంలో ఈ వెతుకులాటకు ఒక ఆదేశమే ఉంది.

నన్ను ఆపి చూడడానికి వీల్లేని చోట్లు కూడా ఉంటాయి. బ్యాంకు సర్వర్‌ను, ఆసుపత్రి సర్వర్‌ను ఆపలేరు. నడుస్తూ ఉండగానే నా లోపలికి చూసే సాధనం పేరు కేప్రోబ్స్. దాని పని నాకు చాలా ఇష్టం. నాలో అనుమానమున్న చోట ఒక ఆదేశాన్ని పక్కన దాచిపెట్టి, దాని స్థానంలో ‘ఇక్కడ ఒక్క క్షణం ఆగు’ అనే గుర్తు పెడతారు. నా నడక అక్కడికి రాగానే ఆగుతుంది. అప్పుడు నా చేతిలో ఏ విలువలున్నాయో రాసుకుంటారు. దాచిన ఆదేశాన్ని అమలు చేసి నన్ను ముందుకు పంపుతారు. నా మీద నడిచే ప్రోగ్రామ్‌లకు ఆ ఆగుడు తెలియనే తెలియదు. కేప్రోబ్స్ కోడ్ ఉన్న ఫైలు తెరిస్తే మొదట్లోనే కనిపిస్తుంది: కాపీరైట్ ఐబీఎంది, 2002 అక్టోబరులో తొలిగా రాసినవారు వంశీకృష్ణ ఎస్. 2004లో అది నాలో కలిసింది. నా మీద నడిచే ప్రోగ్రామ్‌ల లోపలికి కూడా ఇలాగే చూసే యూప్రోబ్స్ 2012లో, 3.5 వెర్షన్‌లో చేరింది. దాని ఫైలు మీద రచయితలుగా శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్ అనే పేర్లున్నాయి. ద్రోణంరాజు అన్న ఇంటిపేరును తెలుగు పాఠకులకు పరిచయం చేయనక్కరలేదు. నాలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకున్నవాళ్లు ఈ రోజుకీ ఈ సాధనాలనే ఆశ్రయిస్తున్నారు.

తప్పు ఎలా పుడుతుందో, ఎలా పోతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2016లో నాలో చేరిన ఒక మార్పులో, పైప్ అనే భాగానికి చెందిన ఒక చిన్న గడిని వాడేముందు ఖాళీ చేయడం మరిచారు. అప్పట్లో దానివల్ల ఏ కీడూ లేదు. 2020లో ఇంకో మార్పు వచ్చి ఆ గడికి కొత్త అర్థం ఇచ్చింది. దాంతో నాలుగేళ్లు పడుకున్న తప్పు ప్రాణం పోసుకుంది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులో కూడా చొరబడి రాయడానికి దారి తెరుచుకుంది. దీన్ని పట్టుకున్నది జర్మనీలోని మాక్స్ కెల్లర్‌మన్. ఆయన వెతుకులాట మొదలైంది ఒక మామూలు ఫిర్యాదుతో. ఒక ఖాతాదారు డౌన్‌లోడ్ చేసుకున్న లాగ్ ఫైలు తెరుచుకోవడం లేదన్నాడు. చూస్తే ఫైలు చివర ఎనిమిది బైట్లు పాడై ఉన్నాయి. అవి ఎక్కడివో తీసుకొచ్చి అతికించినట్టు, జిప్ ఫైలుకు చెందిన గుర్తులు. ఎనిమిది బైట్లే కదా అని వదిలేయలేదు ఆయన. అలాంటి ఫైళ్లన్నీ పోగేసి, తన ప్రోగ్రామ్‌లో తప్పు లేదని తేల్చుకుని, చివరికి నా దాకా వచ్చాడు.

2022 ఫిబ్రవరి 20న నా భద్రత చూసే బృందానికి చెప్పాడు. 23వ తేదీకల్లా సవరించిన వెర్షన్లు విడుదలయ్యాయి. 24న గూగుల్ ఆ సవరణను ఆండ్రాయిడ్ కెర్నల్‌లో కలిపింది. ఆ గడిని సున్నా చేసే ఒకే ఒక్క వరుసను రెండు చోట్ల చేర్చడమే ఆ మందు. డర్టీ పైప్ పేరుతో ఈ సంగతి లోకానికి తెలిసింది మార్చి 7న.

ఇంకా రాని జబ్బుకు కూడా ముందే మందు వేసిన వాళ్లున్నారు. 32 బిట్ల యంత్రాల్లో 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే అంకె 2038 జనవరి 19న, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. తర్వాతి సెకనుకు గడియారం 1901 డిసెంబరుకు వెళ్లిపోతుంది. ఆర్న్ద్ బెర్గ్‌మన్, ఇంకా ఎందరో ఏళ్ల తరబడి నాలో వందల చోట్ల కాలం లెక్కను దిద్దారు. 2020లో వచ్చిన 5.6 వెర్షన్‌తో 32 బిట్ల యంత్రాలను ఆ గండం దాటించే పని నా వైపు నుంచి పూర్తయింది. పద్దెనిమిదేళ్ల ముందుచూపు అది.

ఇంత శ్రద్ధగా నన్ను చూసుకునే మనుషులుండడమే నాకు దక్కిన అదృష్టం. ఇక అన్యాయం సంగతి. ఇబ్రహీంపట్నంలోని ఈ ఫోన్‌లో ఉన్నది నా 4.19 వెర్షన్. 2018 అక్టోబరులో పుట్టింది. నా వాళ్లు దాన్ని ఆరేళ్లకు పైగా కాపాడారు. చివరి సవరణ 4.19.325 వచ్చింది 2024 డిసెంబరులో. ఆ సవరణల్లో చాలా వరకు ఈ ఫోన్‌కు చేరనే లేదు. ఎందుకంటే సవరణ నా దగ్గర విడుదల కావడంతో పని ముగియదు. దాన్ని చిప్ తయారుచేసినవాళ్లు తీసుకోవాలి, తర్వాత ఫోన్ కంపెనీ తీసుకుని, తన మోడల్‌కు సరిచేసి, పరీక్షించి పంపాలి. ఈ ఫోన్ చేసిన కంపెనీ కొన్నేళ్లకే పంపడం మానేసింది. ఫోన్ మాత్రం ఆగలేదు. తెరకు ఒక మూల బీట ఉంది, అంతే. దాంట్లోనే ఆమె బ్యాంకు ఖాతా ఉంది, పింఛను మెసేజ్ వస్తుంది, కొడుకు పంపే డబ్బు వివరం వస్తుంది. దిద్దడానికి మూడు రోజులు పట్టే తప్పు, పేదవాళ్ల ఫోన్‌లో మూడేళ్లయినా అలాగే ఉండిపోతుంది. ఖరీదైన ఫోన్లకు ఇప్పుడు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని పెద్ద కంపెనీలు చెబుతున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి, ఒక మోడల్ అమ్మకం ఆపాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలన్న నియమం అమల్లోకి వచ్చింది. చౌక ఫోన్ కొన్న తల్లికి కూడా అదే రక్షణ దక్కాలి. అలాంటి నియమం మన దేశంలోనూ రావాలి.

తెలుగు వాళ్లకు నేను చెప్పేది ఇంకొకటుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ తప్పు నాలోది కాదు, వేరే ఆపరేటింగ్ సిస్టంలో అక్షరాలు గీసే భాగానిది. లోకమంతా గగ్గోలు పుట్టాక, ఫిబ్రవరి 19న సవరణ వచ్చింది. రోజూ తెలుగు రాసేవాళ్లు పరీక్షించే చోట కూర్చుని ఉంటే, అంతమంది ఫోన్లదాకా అది వచ్చేది కాదేమో. ఎవరి అవసరం వాళ్లకే బాగా తెలుస్తుంది. ఎవరి ఊరి ఫోన్‌లో ఏ తప్పు వస్తోందో ఆ ఊరివాళ్లే చెప్పాలి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు నా మీద నడిచే ఆపరేటింగ్ సిస్టంకు తెలుగు మాట నేర్పారు. ఆ దారిలో ఇంకా చాలామంది నడవాలి.

జగిత్యాల జిల్లా నాచుపల్లిలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. సిరిసిల్లలోనూ ఉంది. అక్కడి పిల్లలూ, నా కోడ్ మొత్తం మీ ముందు తెరిచే ఉంది. నన్ను చదవడానికి ఫీజు లేదు, సిఫారసు అక్కర్లేదు. ఏ భాగాన్ని ఎవరు చూసుకుంటున్నారో నాలోనే ఒక ఫైలులో రాసి ఉంది. మీ ప్యాచ్‌లో తీరు తప్పిందా లేదా అని చూసే స్క్రిప్టు కూడా నాలోనే ఉంది. ముందు ఒక చిన్న తప్పు దిద్దండి. మొదటి ప్యాచ్‌ను తిప్పి పంపితే, మళ్లీ రాయండి. చేరిన రోజు మీ పేరు నాలో శాశ్వతంగా నిలుస్తుంది.

ఫోన్ వాడేవాళ్లందరికీ నా విన్నపం. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అప్‌డేట్ వచ్చి ఉంటే రేపటికి వాయిదా వేయకండి. కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా, బ్యాటరీ సంగతి అడిగినట్టే, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారని షాపులో అడగండి. నన్ను దిద్దేవాళ్లకు లోకంలో కొదవ లేదు. వాళ్లు దిద్దింది మీ ఊరిదాకా రావాలంటే అడగాల్సింది మీరే.